"ఏం చేయమంటారు?" అని ఎవరిని అడుగుతున్నాం

(ఆఖరి దశ వైద్యం మీద ఒక డాక్టరు సాధారణ శ్రోతలకు చేసిన ప్రసంగం. మాట్లాడిన తీరు మార్చకుండా రాసుకున్నది.)

అందరికీ నమస్కారం. వెనకాల నిలబడ్డవాళ్లు ముందుకు రండి, ముందు వరస అంతా ఖాళీగానే ఉంది. చావు గురించి ప్రసంగం అంటే ముందు వరసలో ఎవరూ కూర్చోరు, నాకు అలవాటే. (నవ్వులు)

నన్ను పిలిచినప్పుడు ఇచ్చిన టాపిక్ "కారుణ్య మరణం తప్పా, ఒప్పా". దాని గురించి కూడా మాట్లాడతాను, తప్పించుకోను. కానీ ఇక్కడ కూర్చున్న మనలో చాలామందికి ఆ ప్రశ్న జీవితంలో ఒక్కసారి కూడా ఎదురుకాదు. ఎదురయ్యేది వేరే ప్రశ్న. ఏ అర్ధరాత్రో ఐసీయూ బయట ఒక కుర్ర డాక్టరు చేతిలో ఫారం పట్టుకుని వచ్చి, "పేషెంటుకి ఊపిరి అందట్లేదండీ, వెంటిలేటర్ మీద పెట్టాల్సి రావచ్చు, ఏం చేయమంటారు?" అంటాడు. లోపల ఉన్నది మీ అమ్మో, నాన్నో, కట్టుకున్న మనిషో. మీరు నిద్రపోయి రెండు రోజులై ఉంటుంది. అడిగిన మాట సగం అర్థమవుతుంది, సగం కాదు. పక్కనున్నవాళ్లంతా మీ మొహమే చూస్తుంటారు.

ఆ ప్రశ్న దాదాపు ప్రతి ఇంటికీ వస్తుంది. ఇవాళ నేను చెప్పదలుచుకున్నదంతా దాని గురించే. అది మనం తప్పు మనిషిని అడుగుతున్నాం, అడిగే తీరు కూడా తప్పే. అసలు అడగాల్సిన మనిషి మాట్లాడగలిగినన్నాళ్లూ ఎవరూ అడగలేదు కాబట్టే అది ఇలా వచ్చి బయట కూర్చున్నవాళ్ల మీద పడుతోంది.

ఈ చిక్కు పాతకాలంలో లేదు. అప్పట్లో మనుషులు ప్రశాంతంగా పోయేవాళ్లని నేను అనను, నొప్పితో అల్లాడి పోయినవాళ్లు లెక్కలేనంత మంది, ఆ రోజులే బాగుండేవని ఎవరైనా అంటే నమ్మకండి. కానీ ఆపాలా వద్దా అని అడగాల్సిన పని లేదు, ఆపడానికి అక్కడ నడుస్తున్నదేమీ లేదు కాబట్టి. 1952లో కోపెన్‌హాగన్‌లో పోలియో విరుచుకుపడింది. ఊపిరి కండరాలు చచ్చుబడిన పిల్లలు ఆసుపత్రి నిండా ఉన్నారు, ఉన్న మిషన్లు చాలవు. బ్యోర్న్ ఇబ్సెన్ అనే, ఆపరేషన్లకు మత్తుమందు ఇచ్చే డాక్టరు గొంతు దగ్గర రంధ్రం చేసి, గొట్టం పెట్టి, రబ్బరు సంచిని చేత్తో నొక్కుతూ గాలి పంపమన్నాడు. మెడికల్ కాలేజీ పిల్లలు షిఫ్టులు వేసుకుని రాత్రీ పగలూ మంచం పక్కన కూర్చుని నొక్కారు, అలా చాలా మంది బతికి బయటపడ్డారు. ఇవాళ్టి ఐసీయూకి మొదలు అదే. తర్వాత 1960లో అమెరికాలో జాన్స్ హాప్కిన్స్ డాక్టర్లు, ఆగిన గుండెను ఛాతీ కోయకుండా పైనుంచి నొక్కి ఎలా తిరిగి తేవచ్చో ప్రచురించారు. మనం సీపీఆర్ అంటున్నాం చూడండి, అది. ఈ రెండూ ఎవరి కోసం పుట్టాయో గమనించారా? నిన్నటిదాకా బాగుండి ఒక్కసారిగా కూలిపోయిన మనుషుల కోసం. కాసేపు ఊపిరి అరువిస్తే మళ్లీ లేచి తిరిగేవాళ్ల కోసం. వాటినే, ఏళ్ల తరబడి జబ్బుతో అరిగిపోయి ఆఖరికి చేరుకున్న శరీరం మీద కూడా పెట్టడం మొదలుపెట్టాం. చిక్కంతా అక్కడ పుట్టింది.

ఈ అనుమానం డాక్టర్లకు అప్పుడే వచ్చింది. 1957లో మత్తు డాక్టర్లు వెళ్లి పోప్ పన్నెండో పయస్‌నే అడిగారు, మేం ఎంతవరకు చేయాలి అని. మామూలు వైద్యం చేయాలి, కానీ అసాధారణమైన, మోయలేని భారమయ్యే చికిత్స చేసి తీరాలన్న బాధ్యత లేదన్నాడాయన. ఆత్మహత్యను ఘోర పాపమనే చర్చికి పెద్ద ఆయన. మిషన్ ఆపడమంటే చంపడమే అని దేవుడి పేరు చెప్పి వాదించేవాళ్లు నాకు తరచూ తగులుతుంటారు, వాళ్లకు ఈ సంగతి చెబితే కాసేపు మాట్లాడరు.

కోర్టుల దాకా వెళ్లిన వాటిలో కేరన్ ఆన్ క్విన్లన్ కేసు గురించి చెప్పాలి. న్యూజెర్సీ అమ్మాయి, 21 ఏళ్లు, 1975లో కోమాలోకి వెళ్లింది. వెంటిలేటర్ తీసేయమని తల్లిదండ్రులు అడిగారు, డాక్టర్లు ఒప్పుకోలేదు, 1976లో ఆ రాష్ట్ర సుప్రీంకోర్టు తల్లిదండ్రుల వైపు తీర్పిచ్చింది. మెల్లమెల్లగా వెంటిలేటర్ తీశారు. తీయగానే పోతుందని అందరూ అనుకున్నారు, కానీ ఆ అమ్మాయి సొంతంగా ఊపిరి తీసుకుంటూ 1985 దాకా ఉంది. ట్యూబ్‌తో ఆహారం వెళ్తూనే ఉంది, దాన్ని తీయమని ఇంట్లోవాళ్లు అడగలేదు. మిషన్ తీసేవాడు చంపుతున్నాడని అంటే మరి ఇక్కడ చనిపోనే లేదే! మిషన్ తీసినప్పుడు మనం చేసేది అడ్డు తొలగడం వరకే, ఆ తర్వాత ఏమవుతుందన్నది జబ్బును బట్టి ఉంటుంది. చంపే ఉద్దేశంతో ఇంజెక్షన్ ఇవ్వడానికీ దీనికీ తేడా లేదనే తత్వవేత్తలు ఉన్నారు, వాళ్ల వాదన గట్టిదే, నేను చదివాను. మంచం పక్కన నిలబడితే మాత్రం ఆ రెండూ ఒకటి కావని నాకు స్పష్టంగా తెలుస్తుంది.

మన దేశంలో అరుణా శాన్‌బాగ్ సంగతి మీలో చాలామందికి తెలుసు. ముంబై కెఈఎం ఆసుపత్రిలో నర్సు. 1973లో జరిగిన దాడిలో మెదడు దెబ్బతింది. అదే ఆసుపత్రిలో తోటి నర్సులు, వాళ్ల తర్వాత వచ్చిన నర్సులు, వాళ్ల తర్వాతివాళ్లు, 42 ఏళ్లు ఆమెను చూసుకున్నారు. ఒక రచయిత్రి, ఈమెకు ఆహారం ఆపి పోనివ్వండి అని సుప్రీంకోర్టుకు వెళ్లింది. నర్సులు కుదరదన్నారు. 2011లో కోర్టు ఆ పిటిషన్‌ను కొట్టేస్తూ, ఆమె తరఫున మాట్లాడే హక్కు ఇన్నేళ్లూ చూసుకున్న ఆసుపత్రి సిబ్బందిదే అంది. అదే తీర్పులో, కొన్ని పరిస్థితుల్లో హైకోర్టు అనుమతితో చికిత్స ఆపొచ్చనీ చెప్పింది. ఆమె 2015లో న్యుమోనియాతో పోయింది. ఆ నర్సుల సేవకు నేను చేతులెత్తి దండం పెడతాను. కానీ రెండు పక్షాలూ ఆమె కోసమే మాట్లాడుతున్నా, ఆమె ఏమనేదో ఏ పక్షానికీ తెలియదు. తెలిసే దారే లేదు.

అమెరికాలో టెర్రీ షియావో కేసు ఇంకా దారుణం. 1990లో కుప్పకూలింది, మళ్లీ స్పృహ రాలేదు. ఇలా బతకడం ఆమెకు ఇష్టం ఉండేది కాదని భర్త అంటాడు, మా బిడ్డ అలాంటి మాట అననే అనదని తల్లిదండ్రులు అంటారు. కోర్టులో మొదలై గవర్నరు, పార్లమెంటు, ప్రెసిడెంటు దాకా పాకింది. ఆహారం వెళ్లే ట్యూబ్ తీశారు, పెట్టారు, తీశారు, పెట్టారు. చివరికి 2005లో మూడోసారి తీశాక పోయింది. ఫ్రాన్స్‌లో వాన్సాన్ లాంబేర్ అని ఒకతను, మానసిక వైద్యశాలలో నర్సు, 2008లో యాక్సిడెంట్ అయింది. భార్య ఒకవైపు, కన్నవాళ్లు ఒకవైపు, 2019 దాకా కోర్టుల చుట్టూ తిరిగారు. కొట్టుకున్నవాళ్లలో ఎవరికీ ప్రేమ తక్కువని నేను అనుకోను. షియావో ఒక్క ముక్క రాసిపెట్టలేదు, లాంబేర్ కూడా రాసిపెట్టలేదు. వాళ్లిద్దరికీ వయసు ఎంతని, ఎందుకు రాస్తారు?

సరే, రాయకపోయినా ఇంట్లోవాళ్లకు మనసు తెలుస్తుంది కదా అంటారు. ఇక్కడే ఒక లెక్క ఉంది, నాకు మొదట నమ్మబుద్ధి కాలేదు. రోగికి ఏం కావాలో వాళ్ల దగ్గరి బంధువు ఎంత సరిగ్గా ఊహించగలడని చాలా అధ్యయనాలు జరిగాయి. రోగిని ఒక గదిలో, బంధువును ఇంకో గదిలో కూర్చోబెట్టి ఒకే ప్రశ్న అడిగినట్టు అనుకోండి. 2006లో వాటన్నిటినీ కలిపి చూస్తే, బంధువుల ఊహ సరిపోయింది 68 శాతమే. అంటే మూడింట ఒక వంతు సార్లు తప్పు. ఇంత తప్పు చేస్తున్నదీ పరాయివాళ్లు కాదు, భార్యలు, భర్తలు, కన్నబిడ్డలు. ఇంకో సంగతి, అలా నిర్ణయం తీసుకున్నవాళ్లను తర్వాత గమనించిన అధ్యయనాలను 2011లో ఒకచోట చేర్చారు. కనీసం మూడో వంతు మందిని ఆ భారం వదల్లేదు. నెలలు, కొందరినైతే ఏళ్లు. నేనే చంపేశానా, లేకపోతే నేనే అన్ని రోజులు బాధపెట్టానా అని. రోగి ఇష్టం ముందే తెలిసినవాళ్లకు మాత్రం ఆ భారం తగ్గింది.

అందుకే "ఏం చేయమంటారు" అన్న మాట నాకు పడదు. అది వినగానే కొడుకు చెవికి "మీ నాన్నని బతకనిద్దామా, చంపేద్దామా, నువ్వే చెప్పు" అన్నట్టు వినిపిస్తుంది. కన్నవాళ్లను పోనివ్వండి అని ఎవరు సంతకం పెడతారండీ? "అన్నీ చేయండి డాక్టర్ గారూ, డబ్బు గురించి ఆలోచించకండి" అంటాడు, ఇంకేమంటాడు. అదే ప్రశ్నను తిప్పి, "మీ నాన్నగారు ఒక్క ఐదు నిమిషాలు మేలుకుని, తన పరిస్థితి తనే చూసుకుని, మళ్లీ మంచం దిగే అవకాశం లేదని తెలుసుకుంటే, ఆయన ఏమంటారు?" అని అడగండి. చాలాసార్లు ముందు నవ్వొస్తుంది వాళ్లకి. "ఆయనా? ఈ గొట్టాలన్నీ పీకి పారేసి ఇంటికి పదండి అంటాడు" అంటారు. వెంటనే ఏడుస్తారు. కానీ అక్కడి నుంచి మాట ముందుకు నడుస్తుంది, ఎందుకంటే ఇప్పుడు నిర్ణయం కొడుకుది కాదు, కొడుకు తండ్రి మాటను చేరవేస్తున్నాడు అంతే.

దూరం నుంచి దిగే బంధువు గురించి కూడా చెప్పేస్తాను. పదేళ్లుగా మంచం పక్కన ఉన్న కూతురు "చాలు, ఇక బాధపెట్టకండి" అంటుంది. చివరి రోజున ఫ్లయిట్ దిగి వచ్చినవాళ్లు "ఏంటిది, ఎవరూ ఏం చేయట్లేదా?" అని ఐసీయూ అదిరేలా అరుస్తారు. దీనికి డాక్టర్ల భాషలో పేరే ఉంది, "కాలిఫోర్నియా కూతురు" అంటారు, అది అమెరికా డాక్టర్లే పెట్టిన పేరు, నేను కాదు. (నవ్వులు) నవ్వుతాం కానీ ఆ మనిషి లోపల ఉన్నది తప్పు చేశానన్న బాధ. ఇన్నేళ్లూ రాలేకపోయిన దానికి బదులు ఇప్పుడు అన్నీ చేయించాలని చూస్తుంది. ఆమెను కూర్చోబెట్టి కాఫీ ఇచ్చి, మిగతావాళ్లకు చెప్పిందంతా మొదటి నుంచీ మళ్లీ ఓపిగ్గా చెప్పాలి. ఇంకో మార్గం లేదు.

"అన్నీ చేయండి" అనేవాళ్లకు ఆ అన్నీ అంటే ఏమిటో తెలియకపోవడం కూడా ఒక కారణం. అమెరికా టీవీ కార్యక్రమాల్లో సీపీఆర్ ఎలా చూపిస్తారో 1996లో లెక్కపెట్టారు. తెర మీద సీపీఆర్ చేసినవాళ్లలో 75 శాతం అప్పటికప్పుడు బతికారు, 67 శాతం ఇంటికి వెళ్లిపోయారు. అసలు ఆసుపత్రుల్లో, అదే దేశంలో, 65 ఏళ్లు దాటినవాళ్ల లెక్క తీస్తే బతికి డిశ్చార్జ్ అయినవాళ్లు సుమారు 18 శాతం. ఒళ్లంతా పాకిన క్యాన్సర్ లాంటి జబ్బు ముదిరినవాళ్లలో అది ఇంకా తగ్గిపోతుంది. సీపీఆర్ గట్టిగా చేస్తేనే పని చేస్తుంది, గట్టిగా చేస్తే ముసలివాళ్ల పక్కటెముకలు విరుగుతాయి. ఇదంతా చెప్పి కూడా కావాలంటే అప్పుడు చేయొచ్చు. చెప్పకుండా సంతకం తీసుకుంటే దాన్ని సమ్మతి అని ఎలా అంటాం?

ఇంకో చిక్కు, మొదలుపెట్టకపోవడం వేరు, మొదలుపెట్టి ఆపడం వేరు అని మనసు అంటుంది. వైద్య నీతి గురించి రాసేవాళ్లు ఈ రెండింటికీ తేడా లేదంటారు, పనిచేయని చికిత్స ఎప్పుడైనా పనిచేయనిదే కదా అని. మనసు ఒప్పుకోదు, నాకూ తెలుసు. కానీ ఆపడం మహా నేరమని అనుకుంటే ఏం జరుగుతుందో చూడండి. "ఒకసారి పెడితే తీయలేం" అని భయపెట్టి, బతికే అవకాశం కొంచెం ఉన్నవాళ్లకు కూడా వెంటిలేటర్ పెట్టకుండా వదిలేస్తారు, లేదా పెట్టి వారాల తరబడి అలాగే ఉంచుతారు. దీనికి మంచి దారి ఒకటుంది, అది ఎక్కువమంది వాడాలని నా కోరిక. గడువు పెట్టుకుని చూడటం. "మూడు నాలుగు రోజులు వెంటిలేటర్ మీద పెడదాం. కిడ్నీలు కోలుకుంటున్నాయా, మనిషి పిలిస్తే కళ్లు తెరుస్తున్నాడా, ఆక్సిజన్ తగ్గించగలుగుతున్నామా, ఈ మూడూ చూద్దాం. లేకపోతే ఫలానా రోజు కూర్చుని మాట్లాడుకుని ఆపేద్దాం." మొదటి రోజే ఇలా చెబితే, ఆ ఫలానా రోజు వచ్చేసరికి ఇంట్లోవాళ్లు చాలా మటుకు సిద్ధపడి ఉంటారు.

అన్నిటికంటే గుండె కోసేది తిండి. వెంటిలేటర్ ఆపడానికి ఒప్పుకున్నవాళ్లు కూడా "మరి అన్నం?" అంటారు. ఆకలితో చంపేస్తున్నామా అని. దీని మీద కొంచెం ఎక్కువ మాట్లాడతాను, ఎందుకంటే ఇంట్లో ఆడవాళ్లు ఈ బాధ ఎక్కువ పడతారు, వండిపెట్టిన చెయ్యి వాళ్లదే కనక. చనిపోతున్న శరీరానికి ఆకలి ఉండదు. తినకపోవడం వల్ల వాళ్లు చనిపోవట్లేదు, చనిపోతున్నారు కాబట్టి తినట్లేదు. ఆ దశలో బలవంతంగా పోస్తే అది ఊపిరితిత్తుల్లోకి జారొచ్చు, సెలైన్ ఎక్కిస్తే ఆ నీరు కాళ్లలో, ఊపిరితిత్తుల్లో చేరి గుర్రుమనే చప్పుడు ఎక్కువవుతుంది. మతిమరుపు జబ్బు బాగా ముదిరినవాళ్లకు పొట్టలోకి ట్యూబ్ వేస్తే ఆయుష్షు పెరుగుతుందని ఇంతవరకు ఆధారం దొరకలేదు. అమెరికా వృద్ధుల వైద్యుల సంఘం ట్యూబ్ వద్దు, జాగ్రత్తగా చేత్తో తినిపించండి అనే చెబుతోంది. దాహం అనిపించేది ఎక్కువగా నోరు ఎండిపోవడం వల్లే. దూదితో పెదాలు తడపండి, నాలుక మీద చిన్న ఐసు ముక్క పెట్టండి, పెదాలకు కాస్త వాజిలిన్ రాయండి, అడిగితే ఇష్టమైనది ఒక్క చుక్క రుచి చూపించండి. ఇది కూడా తినిపించడమే అని నేను వాళ్లకు చెబుతుంటాను.

ఇక నొప్పి. సిసిలీ సాండర్స్ అని ఒకావిడ, ముందు నర్సు, తర్వాత ఆసుపత్రిలో సోషల్ వర్కరు, ఆ తర్వాత చనిపోయేవాళ్ల మాట వినాలంటే డాక్టరే అవ్వాలని ముప్పై దాటాక మెడిసిన్ చదివింది. 1967లో లండన్‌లో సెయింట్ క్రిస్టఫర్స్ హాస్పిస్, అంటే ఆఖరి దశలో ఉన్నవాళ్లను చూసుకునే ఆసుపత్రి, తెరిచింది. అప్పటిదాకా నొప్పి భరించలేక కేకలు పెడితేనే మార్ఫిన్ అనే గట్టి నొప్పి మందు ఇచ్చేవాళ్లు. ఆమె గడియారం చూసి ఇవ్వమంది, నొప్పి రాకముందే. నొప్పి ఒంట్లోనే ఉండదని, డబ్బు భయం, వదిలి వెళ్లాల్సిన పిల్లలు, నాకే ఎందుకిలా అన్న ప్రశ్న, అన్నీ కలిసి ఒక్కటే నొప్పి అవుతాయని చెప్పింది. మార్ఫిన్ ఇస్తే త్వరగా పోతారనే భయం ఇప్పటికీ చాలా ఇళ్లలో ఉంది. చిన్న మోతాదుతో మొదలుపెట్టి, నొప్పిని బట్టి పెంచుకుంటూ పోతే అలా జరగదు.

ఇంకోటి, ప్యాలియేటివ్ కేర్, అంటే జబ్బు నయం కాకపోయినా నొప్పి, ఆయాసం, దిగులు తగ్గించే వైద్యం, ఆ మాట అనగానే "ఇక చేతులెత్తేశారన్నమాట" అనుకుంటారు. 2010లో బోస్టన్‌లో, ముదిరిన ఊపిరితిత్తుల క్యాన్సర్ ఉన్న 151 మందితో ఒక అధ్యయనం జరిగింది. సగం మందికి మామూలు క్యాన్సర్ వైద్యం, సగం మందికి దాంతోపాటు మొదటి నుంచే ప్యాలియేటివ్ కేర్. రెండో గుంపువాళ్లకు దిగులు తక్కువ, చివర్లో అనవసరపు చికిత్సలు తక్కువ, అయినా వాళ్లే ఎక్కువ కాలం బతికారు, సగటున 8.9 నెలలకు బదులు 11.6. తర్వాతి అధ్యయనాలన్నిటిలో ఆయుష్షు ఇలా పెరగలేదు, అది కూడా చెప్పాలి, కానీ తగ్గుతుందన్న భయానికి మాత్రం ఆధారం లేదు. ఇంత చవకైన, ఇంత తేలికైన వైద్యం ఎంతమందికి అందుతోంది? ఏటా 5 కోట్ల 68 లక్షల మందికి ఇది అవసరమని, దొరికేది 14 శాతం మందికేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటోంది. 2017లో లాన్సెట్ అనే వైద్య పత్రిక వేసిన కమిషన్ లెక్క ప్రకారం ప్రపంచం మొత్తం మీద ఏటా పంచుతున్న మార్ఫిన్ తరహా మందులు 298.5 టన్నులు అయితే, అందులో అత్యంత పేద దేశాలకు చేరేది 0.1 టన్ను. పొరపాటున చదివానేమో అని నేను రెండుసార్లు చూసిన అంకె ఇది.

ఇప్పుడు కారుణ్య మరణానికి వస్తాను. స్విట్జర్లాండ్ చట్టం, స్వార్థం లేకుండా ఎవరి చావుకైనా సాయం చేస్తే నేరం కాదని 1942 నుంచే అంటోంది. అమెరికాలో ఓరెగన్‌లో 1997 నుంచి, ఆరు నెలల్లోపు పోతారని ఇద్దరు డాక్టర్లు చెబితే, మందు రాయించుకుని రోగి తనే మింగొచ్చు. నెదర్లాండ్స్, బెల్జియంలో 2002 నుంచి డాక్టరే ఇంజెక్షన్ ఇవ్వొచ్చు. కెనడాలో 2016లో మొదలైంది. ఓరెగన్‌లో మందు రాయించుకున్నవాళ్లలో మూడింట ఒక వంతు దాకా దాన్ని వాడనే వాడరు. సీసా అల్మారాలో ఉంటే చాలు వాళ్లకి, కావాలంటే దారి ఉందన్న ధైర్యంతోనే మిగతా రోజులు గడిపేస్తారు. ఎందుకు కోరుకున్నారని అడిగితే నొప్పి అని చెప్పేవాళ్ల కంటే, నా మీద నాకు అదుపు లేకుండా పోతోందని, నాకిష్టమైనవి చేయలేకపోతున్నానని, గౌరవం పోతోందని చెప్పేవాళ్లే ఎక్కువ.

నేను ఆ చట్టాలను తప్పు అనను. ఆఖరి వారాల్లో ఉన్న, స్పష్టంగా ఆలోచిస్తున్న మనిషి "చాలు" అంటే, నువ్వు ఇంకా బాధపడాల్సిందే అని చెప్పే అధికారం నాకు ఎవరిచ్చారు? కానీ హార్వే చోచినోవ్ అనే కెనడా మానసిక వైద్యుడు చేసిన పని చదివాక నా తొందర తగ్గింది. 1999లో ఆయన, చనిపోవడానికి దగ్గరగా ఉన్న 168 మంది క్యాన్సర్ రోగుల్లో బతకాలన్న కోరికను రోజుకు రెండుసార్లు కొలిచాడు. పొద్దున్నకీ సాయంత్రానికీ అది బాగా ఊగిపోయింది. ఆందోళన, దిగులు, ఆయాసం, ఆ రోజు ఒళ్లెలా ఉంది, వీటిని బట్టి మారింది. ఇంకో అధ్యయనంలో, గౌరవం పోయిందన్న భావన, ఎదుటివాళ్లు తమను ఎలా చూస్తున్నారనుకుంటున్నారో దానితో గట్టిగా ముడిపడి ఉందని తేలింది. అది మన చేతిలో ఉన్న విషయం! పక్కబట్టలు మార్చేటప్పుడు తెర వేయడం, మంచం పక్కన నిలబడి ఆయన లేనట్టే ఆయన గురించి మాట్లాడకుండా ఉండటం, "బెడ్ నంబర్ ఆరు" అనకుండా పేరు పెట్టి పిలవడం. దీనికి ఏ చట్టమూ అక్కర్లేదు. మిమ్మల్ని సరిగ్గా చూసుకోవాలంటే ఒక మనిషిగా మీ గురించి నాకేం తెలియాలి అని ప్రతి రోగినీ అడగమంటాడు ఆయన, ఆ ఒక్క ప్రశ్నా నేను దొంగిలించి రోజూ వాడుకుంటున్నాను.

కెనడాలో 2021 నుంచి చావు దగ్గర్లో లేనివాళ్లు కూడా అడగొచ్చు. ఉండటానికి తగిన ఇల్లు, చూసుకునే మనిషి దొరకక కొందరు వికలాంగులు దరఖాస్తు పెట్టుకున్నారని అక్కడి పత్రికల్లో వచ్చింది. నా అభ్యంతరం అక్కడే. మార్ఫిన్ దొరకని చోట, ఇంటికొచ్చే నర్సు లేని చోట, "నేను వీళ్లకు బరువైపోయాను" అని ముసలివాళ్లు గొణుక్కునే చోట చావు హక్కును ముందు పెట్టి సంరక్షణను తర్వాత పెడితే, ఆ మనిషి ఎంచుకున్నట్టు ఎలా అవుతుంది? వేరే ఏదీ లేక తీసుకున్నాడు. క్రమం మారాలి నా ఉద్దేశంలో. నాతో ఒప్పుకోని మిత్రులున్నారు, ఆ సంరక్షణ వచ్చేదాకా ఇవాళ బాధపడుతున్నవాడు ఆగాలా అంటారు. ఆ ప్రశ్నకు నా దగ్గర మంచి జవాబు లేదు.

మన దేశంలో చట్టం ఎక్కడుందో చెప్పి ప్రశ్నలకు వెళ్దాం. ఇంజెక్షన్ ఇచ్చి చంపడం నేరమే. చికిత్స ఆపడం, అసలు పెట్టకపోవడం కుదురుతుంది, 2018 మార్చి 9న సుప్రీంకోర్టు ఐదుగురు జడ్జీల బెంచ్ చెప్పింది, గౌరవంగా పోవడం కూడా జీవించే హక్కులో భాగమే అని. లివింగ్ విల్‌ను కూడా గుర్తించింది, అంటే మాట్లాడలేని స్థితి వస్తే నాకు ఏ చికిత్స కావాలో, ఏది వద్దో ముందే రాసిపెట్టుకునే కాగితం. కానీ మొదట పెట్టిన రూల్స్ ఎంత మెలికలుగా ఉన్నాయంటే ఎవరూ వాడలేకపోయారు, మేజిస్ట్రేట్ సంతకం కావాలన్నారు మరి. 2023 జనవరిలో సడలించారు. ఇప్పుడు ఇద్దరు సాక్షుల ముందు సంతకం పెట్టి నోటరీతోనో గెజిటెడ్ ఆఫీసరుతోనో ధ్రువీకరిస్తే చాలు. మీ తరఫున మాట్లాడాల్సినవాళ్ల పేర్లు అందులో రాయొచ్చు. సమయం వచ్చినప్పుడు ఆసుపత్రిలో రెండు మెడికల్ బోర్డులు ఒకదాని తర్వాత ఒకటి చూస్తాయి. కాగితం రాసి బీరువాలో పెట్టి తాళం వేస్తే మాత్రం లాభం లేదు. ఎవరి పేరు రాశారో వాళ్లను కూర్చోబెట్టి చెప్పాలి, మిగతావాళ్లకు కూడా వినిపించాలి, లేకపోతే ఆ రోజు కాగితం ముందేసుకుని కొట్టుకుంటారు.

ప్రశ్నలు అడగండి. ఆ మేడమ్ ముందు చేయెత్తారు.

శ్రోత: మా నాన్నగారికి క్యాన్సర్ అని మేం చెప్పలేదండీ. చెబితే కుంగిపోతారని. చెప్పాలా?

చెప్పాలా వద్దా అన్నది ముందు పక్కన పెట్టండమ్మా. ఆయనకు ఎంత తెలుసో అడిగారా? కీమో ఎక్కించుకుంటున్న మనిషికి ఏమీ తెలియదని ఎలా అనుకుంటాం? చాలా ఇళ్లలో ఆయనకు తెలుసు, మీరు బాధపడతారని ఆయనా చెప్పడు, ఇద్దరూ ఒకరి దగ్గర ఒకరు నటిస్తుంటారు. "మీ జబ్బు గురించి డాక్టరు అన్నీ చెప్పమంటారా, మాకు చెబితే చాలంటారా" అని అడగండి. మీరే చూసుకోండమ్మా అంటే అదీ ఆయన హక్కే, బలవంతంగా మీద పోయక్కర్లేదు. చెప్పమంటే చెప్పాలి. ఆయనకు కలవాల్సినవాళ్లుంటారు, పంచాల్సినవి ఉంటాయి, ఎవరికో సారీ చెప్పాల్సి ఉంటుంది. ఆ టైము మీరు ఆయన దగ్గర్నుంచి తీసుకోకండి.

ఆ చివర కూర్చున్న బాబు.

శ్రోత: సార్, ఇదంతా డాక్టర్లకే తెలుసు కదా. మీరే చెప్పొచ్చుగా ఏం చేయాలో. మమ్మల్నెందుకు అడగడం?

(చప్పట్లు) చప్పట్లు కొట్టండి, సరైన ప్రశ్నే. మా వృత్తిలో ఇదొక జబ్బు. పూర్వం రోగిని అడక్కుండా అన్నీ మేమే నిర్ణయించేవాళ్లం, అది తప్పని తెలిసి ఇప్పుడు అటు చివరికి వెళ్లిపోయాం. వెంటిలేటరా, డయాలిసిస్సా, సీపీఆరా అని మెనూ కార్డు చేతిలో పెట్టి పక్కకు తప్పుకుంటాం, కేసు వేస్తారన్న భయం కూడా ఉంది. మనిషి ఎలాంటివాడో మీరు చెప్పాలి, ఏ చికిత్స ఎంతవరకు తీసుకెళ్తుందో మేం చెప్పాలి, రెండూ కలిపి "నేనైతే ఇది సలహా ఇస్తాను" అని నోరు తెరిచి చెప్పే బాధ్యత డాక్టరుదే. కాబట్టి మీరు అడగండి. "మీ అమ్మే అయితే ఏం చేస్తారు" అని మాత్రం అడక్కండి, మా అమ్మ ఇష్టాలు వేరు. "మా అమ్మ ఇలాంటి మనిషి, ఆమెకు ఇది ముఖ్యం, ఇది అసలు భరించలేదు, మీ సలహా ఏంటి" అని అడగండి. ఆ రాత్రి డ్యూటీలో ఉన్న కుర్రాడు జవాబు చెప్పలేకపోతే వాడి మీద అరవకండి, వాడికి ఇది ఎవరూ నేర్పలేదు. సీనియర్ డాక్టర్ని పిలవమనండి, ప్యాలియేటివ్ టీమ్ ఉంటే వాళ్లనీ రమ్మనండి. వచ్చేదాకా సంతకం పెట్టకుండా ఆగొచ్చా అంటే, ప్రాణం మీదకు వచ్చి ఉంటే పెట్టేయండి, గడువు పెట్టుకుని చూద్దాం అని మాత్రం ఫారం మీద రాయించండి.